పూర్తి ఫండింగ్ ఉన్న క్రియేటివ్ రైటింగ్ ఎంఎఫ్ఏ, అదీ హ్యూస్టన్ చుట్టుపక్కలే కావాలి: ఎలా వెతకాలి?

ఎంవీపీ_శ్రీను:

అందరికీ నమస్కారం. మా చెల్లి కోసం అడుగుతున్నాను. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ ఇంగ్లిష్ అయింది. ఇక్కడే విశాఖలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ కథలు రాస్తుంది. అమెరికాలో క్రియేటివ్ రైటింగ్‌లో ఎంఎఫ్ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) చేయాలని గట్టి పట్టుదల. వచ్చే ఏడాది ఆగస్టులో చేరేలా చూస్తున్నాం.

మావి మూడు షరతులు. అప్పు చేసే ఉద్దేశం లేదు, కాబట్టి ట్యూషన్ మాఫీ అవ్వాలి, బతకడానికి స్టైపెండ్ రావాలి. మా పిన్నీ బాబాయిలు హ్యూస్టన్‌లో ఉన్నారు, సెలవులకు వాళ్ల దగ్గరికి వెళ్లి రాగలిగే దూరమైతే అమ్మకి ధైర్యం. చెల్లికి ఆస్తమా, గట్టి చలి పడదు.

ద్వారకానగర్ కన్సల్టెన్సీల్లో కంప్యూటర్ ఎంఎస్ గురించి గంటలకొద్దీ చెబుతారు గానీ ఈ కోర్సు సంగతి వాళ్ల దగ్గర లేదు. నెట్‌లో ‘ఫుల్లీ ఫండెడ్’ లిస్టులు చూస్తే ఒక్కో దాంట్లో ఒక్కో వరస. ఏది నమ్మాలి? ఎక్కడ మొదలుపెట్టాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గోపాలపట్నం_రీడర్:

శ్రీను గారూ, ముందు వెతికే వరస మార్చుకోండి. మ్యాప్‌లో హ్యూస్టన్ చుట్టూ గీత గీసి అందులో డబ్బిచ్చే చోటు వెతికితే సగం ఫండింగ్ ఉన్నవాటితో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. చేరిన ప్రతి ఒక్కరికీ డబ్బిచ్చే ప్రోగ్రాములు ముందు ఏరుకోండి, ఆ తర్వాత వాటిలోంచి దక్షిణ రాష్ట్రాలవి తీయండి. పోయెట్స్ అండ్ రైటర్స్ వాళ్ల సైట్‌లో ఎంఎఫ్ఏ డేటాబేస్ ఉంది, రాష్ట్రాల వారీగా చూసుకోవచ్చు. ఏడబ్ల్యూపీ అనే అమెరికా రచయితల, రైటింగ్ కోర్సుల సంఘానిది ఇంకో గైడ్. ఈ రెండూ పేర్లు పోగు చేసుకోవడానికే. డబ్బు సంగతి మాత్రం ఆ డిపార్ట్‌మెంట్ సొంత పేజీలో చదివిందే లెక్క.

అక్కడ వాక్యం ఎలా రాశారో పట్టి చూడండి. చేరినవాళ్లందరికీ కోర్సు అయ్యేదాకా ట్యూషన్ మాఫీ, స్టైపెండ్ అని ఉంటే అది పూర్తి ఫండింగ్. అసిస్టెంట్‌షిప్‌లు (పాఠాలు చెప్పడం లాంటి పని చేస్తే స్టైపెండ్ ఇచ్చే ఏర్పాటు) అందుబాటులో ఉన్నాయి అంటే కొందరికే. చాలామందికి ఏదో ఒక సాయం అందుతుంది అంటే వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ కూడా ఆ ‘సాయం’లోకే వస్తుంది. లో-రెసిడెన్సీ అన్న మాట కనిపిస్తే ఆ పేజీ మూసేయండి. ఏడాదికి రెండుసార్లు కొద్ది రోజులు క్యాంపస్‌లో ఉండి, మిగతాది ఇంటి నుంచి చదివే కోర్సులవి. వాటి మీద ఎఫ్-1 అనే విద్యార్థి వీసా సాధారణంగా కుదరదు, ఫండింగ్ కూడా అరుదు.

టెక్సాస్‌లో ఒక మెలిక ఉంది, దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో వారానికి 20 గంటల టీచింగ్ అసిస్టెంట్‌షిప్ వస్తే, రాష్ట్ర చట్టం ప్రకారం ట్యూషన్ స్థానికుల రేటుకి దిగుతుంది. కనీసం 1,000 డాలర్ల పోటీ స్కాలర్‌షిప్ వచ్చినా అదే వెసులుబాటు ఇవ్వొచ్చు. దిగుతుంది అంతే, పూర్తిగా పోదు. ఆ స్థానిక రేటు కూడా కట్టే ఫెలోషిప్ విడిగా ఉంటే తప్ప అది మీ జేబులోంచే. ‘నాన్ రెసిడెంట్ ట్యూషన్ వేవర్’ అన్న మాట చూసి మొత్తం మాఫీ అనుకుంటే మొదటి సెమిస్టర్ బిల్లు దగ్గర గుండె ఆగుతుంది.

ఇక పేర్లు. ఆస్టిన్‌లో టెక్సాస్ యూనివర్సిటీ వాళ్ల మిచెనర్ సెంటర్ మూడేళ్ల కోర్సు. అందరికీ పూర్తి ఫెలోషిప్, పాఠాలు చెప్పే పని కూడా లేదు. సీట్లు ఏడాదికి పన్నెండు అటూ ఇటూ. దరఖాస్తు తప్పకుండా పెట్టించండి, కానీ దాన్ని నమ్ముకుని మిగతావి తగ్గించొద్దు. హ్యూస్టన్ యూనివర్సిటీలో మూడేళ్ల ఎంఎఫ్ఏతో పాటు క్రియేటివ్ రైటింగ్‌లో పీహెచ్‌డీ కూడా ఉంది. గల్ఫ్ కోస్ట్ పత్రికను నడిపేది అక్కడి విద్యార్థులే. పిన్నిగారి ఊరే కనుక మీకు మొదట తట్టేది అదే, అయితే ట్యూషన్‌లో ఎంత భాగం పోతుందో విడిగా అడగండి. శాన్ మార్కస్‌లో టెక్సాస్ స్టేట్ విషయంలోనూ ఇదే జాగ్రత్త.

టెక్సాస్ దాటితే బాటన్ రూజ్‌లో ఎల్ఎస్‌యూ (లూజియానా స్టేట్ యూనివర్సిటీ), టస్కలూసాలో అలబామా యూనివర్సిటీ, ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో మిసిసిపీ యూనివర్సిటీ, గైన్స్‌విల్‌లో ఫ్లోరిడా యూనివర్సిటీ. ఈ నాలుగూ చేరినవాళ్లందరికీ ఫండింగ్ ఇచ్చేవిగా పేరున్నవే. ఫెయెట్‌విల్‌లో ఆర్కన్సా యూనివర్సిటీది నాలుగేళ్ల కోర్సు, అందులో అనువాదానికి ప్రత్యేక విభాగం ఉంది. రెండు భాషల్లో రాసే మీ చెల్లెలికి ఇది చాలా విలువైన సంగతి. నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్ ప్రైవేటుది, బ్యాచ్ చిన్నది, ఫండింగ్ మంచిది.

ఈమధ్య బడ్జెట్ కోతలతో కొన్ని డిపార్ట్‌మెంట్లు ఒక ఏడాది అడ్మిషన్లు ఆపేయడమో సీట్లు తగ్గించడమో చేస్తున్నాయి. ఫీజు కట్టేముందు ‘ఈ సంవత్సరం కథా విభాగంలో తీసుకుంటున్నారా’ అని గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి ఒక మెయిల్ పెట్టండి.

తీరంగాలి:

రాష్ట్రం పేరు చూసి దగ్గర అనుకోవద్దండి. ఎల్ పాసో టెక్సాస్‌లోనే ఉంది. ఇంగ్లిష్, స్పానిష్ రెండు భాషల ఎంఎఫ్ఏకి పేరున్న యూనివర్సిటీ అక్కడిది. కానీ హ్యూస్టన్ నుంచి దాదాపు 1,200 కిలోమీటర్లు. బాటన్ రూజ్ వేరే రాష్ట్రమైనా 430 చిల్లర, అంటే మన దగ్గర్నుంచి విజయవాడ దాటి ఇంకో గంటన్నర వెళ్లినంత. ఆస్టిన్, శాన్ మార్కస్ 260 ప్రాంతం. మధ్యలో లేక్ చార్లెస్‌లో మెక్‌నీస్ స్టేట్ అనే చిన్న యూనివర్సిటీలో మూడేళ్ల ఎంఎఫ్ఏ ఉంది. హ్యూస్టన్‌కి 230 కిలోమీటర్లే, లిస్టుల్లో ఎవరూ రాయరు గానీ అడిగి చూడదగ్గది. టస్కలూసా, ఆక్స్‌ఫర్డ్ వెయ్యికి దగ్గర, ఫెయెట్‌విల్ ఎనిమిది తొమ్మిది వందలు, గైన్స్‌విల్ 1,300 పైన. ఈ నాలుగింటికీ విమానమో, ఒక పూటంతా కారులోనో. వారాంతానికి పిన్నిగారింటికి అన్న మాట కుదరదు.

ఇక ఆస్తమా. చలి ఒక్కటే చూస్తే సరిపోదు. ఆస్టిన్, శాన్ మార్కస్ చుట్టూ కొండల్లో జునిపర్ చెట్లు విపరీతం, స్థానికులు మౌంటెన్ సెడార్ అంటారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాటి పుప్పొడి గాలినిండా ఉంటుంది. ఏ అలర్జీ లేనివాళ్లకే కళ్లు ఎర్రబడి ముక్కులు మూసుకుపోతాయి, దానికి సెడార్ ఫీవర్ అని పేరు కూడా పెట్టుకున్నారు. చలి లేదని ఆస్టిన్ ఎంచుకుంటే శీతాకాలంలోనే అసలు ఇబ్బంది రావచ్చు. బయల్దేరేముందు ఇక్కడే అలర్జీ పరీక్ష చేయించండి, డాక్టరు రాసిన చీటీ ఇంగ్లిష్‌లో తీసుకోండి. గల్ఫ్ తీరంలో హ్యూస్టన్, బాటన్ రూజ్ లాంటి చోట్ల ఉక్క మన ఊరిలాగే ఉంటుంది గనుక అది అలవాటే, కానీ తేమకి గోడల్లో బూజు పడుతుంది. అపార్ట్‌మెంట్ తీసుకునేటప్పుడు కార్పెట్ లేని గది అడగండి, ఏసీ ఫిల్టర్ ఎన్నాళ్లకి మారుస్తారో అడగండి. ఫెయెట్‌విల్ ఓజార్క్ కొండల్లో ఉంది, అక్కడ మంచు పడుతుంది. గైన్స్‌విల్ శీతాకాలం మాత్రం హాయి.

తుపానులు మనకి కొత్త కాదు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరు మనది. అక్కడ హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా, ఉధృతి ఆగస్టు నుంచి అక్టోబరు వరకు. సరిగ్గా చెల్లి దిగి ఇల్లు వెతుక్కునే రోజులు. 2020 ఆగస్టులో లారా హరికేన్ లేక్ చార్లెస్‌ని చితక్కొట్టింది. అద్దె ఇంటి సామాన్లకి చేసే రెంటర్స్ ఇన్సూరెన్స్‌లో వరద నష్టం సాధారణంగా కలవదు. ఫెమా (అక్కడి విపత్తు నిర్వహణ సంస్థ) వాళ్ల వరద మ్యాపులో ఇంటి చిరునామా కొట్టి చూడండి, వీలైతే పై అంతస్తు తీసుకోండి.

కారు లేకుండా గడవాలంటే: గైన్స్‌విల్‌లో సిటీ బస్సులు యూనివర్సిటీ కార్డు చూపిస్తే ఎక్కొచ్చు, ఫెయెట్‌విల్‌లో రేజర్‌బ్యాక్ బస్సులకి టికెట్టే లేదు. హ్యూస్టన్‌లో క్యాంపస్ పక్కగా మెట్రో పర్పుల్ లైను వెళుతుంది. అది దాటి ఎక్కడికి వెళ్లాలన్నా కారు కావాల్సిందే.

ఎంవీపీ_శ్రీను:

ఇద్దరికీ చాలా థాంక్స్. పుప్పొడి సంగతి మాకు అసలు తట్టలేదు. ఇంకో మూడు అడుగుతాను. చెల్లి మంచి కథలన్నీ తెలుగులోనే ఉన్నాయి, వాటిని తనే ఇంగ్లిష్‌లోకి మార్చి పంపొచ్చా? పాఠం చెప్పే పని అంటున్నారు కదా, మన డిగ్రీలతో ఇస్తారా? ఆఫర్ లెటర్ వచ్చాక అందులో ఏం చూడాలి?

కథల_పెట్టె:

మొదటి రెండింటికీ నేను చెబుతాను.

దరఖాస్తులో అన్నిటికన్నా బరువు రాతప్రతిదే, అంటే నమూనాగా పంపే సొంత రచనది. మార్కులు, సిఫార్సు ఉత్తరాలు, ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసే వ్యాసం) అన్నీ దాని వెనకే. కథా విభాగానికి సాధారణంగా 20 నుంచి 30 పేజీలు అడుగుతారు, 12 పాయింట్ అక్షరం, డబుల్ స్పేసింగ్. కవిత్వానికి పది పేజీల చుట్టూ. మన కంప్యూటర్లలో పేజీ సైజు ఏ4 ఉంటుంది, దాన్ని లెటర్ సైజుకి మార్చాకే పేజీలు లెక్కపెట్టండి. లేకపోతే 25 అనుకున్నది 27 అయి చివరి రెండు పేజీలు ఎవరూ చదవరు. పరిమితి 30 ఉందని 30 నింపక్కర్లేదు. పద్దెనిమిది పేజీల బలమైన కథ ఒక్కటి, దానికి పూర్తిగా వేరే గొంతుతో ఇంకో చిన్నది, ఇలా పంపితే మంచిది. నవల భాగం పంపితే అది మొదటి అధ్యాయం అయ్యుండాలి. మధ్యలోది పంపి ముందు కథంతా ఒక పేరాలో చెబితే చదివేవాళ్లకి అక్కడే విసుగు.

సొంత తెలుగు కథని తనే ఇంగ్లిష్‌లో రాసి పంపొచ్చు, కొత్త కథ రాసినట్టే రాయాలి. వాక్యం వెంట వాక్యం మారిస్తే తెలుగులో పరుగెత్తిన చోట ఇంగ్లిష్‌లో నత్తనడక నడుస్తుంది, ముఖ్యంగా సంభాషణల్లో. పూర్ణా మార్కెట్లో బేరం సాగే సన్నివేశం ఉందనుకోండి. తెలుగులో ‘ఏటి బాబూ’ అన్న ఒక్క పిలుపుతో మనిషి ఊరూ వయసూ తెలిసిపోతాయి. ఇంగ్లిష్‌లో ఆ పని ఆ మనిషి కూర్చున్న తీరో, చిల్లర లెక్కపెట్టే తీరో చేయాలి. చివర పదకోశం పెట్టొద్దు, ప్రతి వంటకానికీ వివరణ ఇవ్వొద్దు. ఎంపిక చేసేవాళ్లు రచయితలు, సందర్భాన్ని బట్టి వాళ్లు అర్థం చేసుకుంటారు.

ఆర్కన్సాలో అనువాద విభాగానికి పెడితే సంగతి వేరు. అక్కడ వేరేవాళ్ల రచన అనువదించి చూపించాలి, మూలం కూడా జతచేయమంటారు. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది కదా, 1997లో మొదలైంది, తెలుగు కథలు అచ్చయిన పాత పత్రికలు అక్కడ పదిలంగా ఉన్నాయి. మూలం ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో ఖాయం చేసుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. విశాఖ నుంచి రెండు గంటల ప్రయాణం. ఎవరూ ఇంగ్లిష్‌లోకి తేని ఉత్తరాంధ్ర కథ ఒకటి ఎంచుకుంటే ఆ దరఖాస్తు గుట్టలో కలిసిపోదు. నాకైతే మీ చెల్లి లిస్టులో ఆర్కన్సా మొదటి మూడింట్లో ఉండాలనిపిస్తోంది, మంచు పడినా సరే.

పాఠం చెప్పే అర్హత: దక్షిణ రాష్ట్రాల్లో ఎక్కువ యూనివర్సిటీలు అనుసరించే గుర్తింపు నియమం ప్రకారం, క్లాసుకి తనే పూర్తి బాధ్యురాలిగా నిలబడాలంటే ఆ సబ్జెక్టులో 18 గ్రాడ్యుయేట్ (మన పీజీ స్థాయి) క్రెడిట్లు ఉండాలి. కేవలం బీఏతో వెళ్లినవాళ్లకి మొదటి ఏడాది రైటింగ్ సెంటర్లోనో, పేపర్లు దిద్దడంలోనో పని ఇస్తారు. మీ చెల్లికి ఎంఏ ఇంగ్లిష్ ఉంది, అది పెద్ద ఆస్తి. మూడేళ్ల బీఏ చాలదనే చోట కూడా ఎంఏ ఆ లోటు తీరుస్తుంది. అందుకే ఎంఏ ట్రాన్‌స్క్రిప్టులో ఒక్కో పేపరు పేరు, మార్కులు విడివిడిగా ఉండేలా యూనివర్సిటీ నుంచి తీసుకోండి. మార్కుల మొత్తం మాత్రమే ఉన్న కాగితం పనికిరాదు. దరఖాస్తుకి స్కాన్ చాలు, సీల్డ్ కవర్లు సీటు వచ్చాక అడుగుతారు, కానీ రెండు మూడు సెట్లు ఒకేసారి తీసుకోవడం నయం. టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం స్కోరు కన్నా స్పీకింగ్ స్కోరు మీద కన్నేయండి, టీచింగ్ పనికి దాన్ని విడిగా చూస్తారు. మొత్తం బాగా వచ్చి స్పీకింగ్ తగ్గితే సీటు వస్తుంది, టీచింగ్ ఆగుతుంది, దాంతో డబ్బూ ఆగుతుంది. స్కోరు రెండేళ్లే చెల్లుతుంది.

సిఫార్సు ఉత్తరాలు మూడు. ‘క్రమశిక్షణ గల విద్యార్థిని’ అని అందరికీ ఇచ్చే నమూనా ఉత్తరం వల్ల నష్టమే. రాసే మాస్టారికి రెండు కథలు, ఎస్ఓపీ చిత్తుప్రతి ముందే ఇచ్చి, తన రాత గురించి రెండు నిర్దిష్టమైన మాటలు రాయమని అడగాలి. అప్‌లోడ్ లింకు మాస్టారి మెయిల్‌కే వెళుతుంది, తరచు స్పామ్‌లో పడుతుంది. జీమెయిల్ చిరునామా ఇస్తే కొన్ని యూనివర్సిటీలు అనుమానిస్తాయి, కాలేజీ మెయిల్ ఉంటే అదే ఇవ్వండి. గడువుకి మూడు వారాల ముందు లింకులన్నీ వెళ్లేలా చూసి, వారం ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

గడువులు చాలావరకు డిసెంబరు 1 నుంచి జనవరి 15 లోపు. జీఆర్ఈ ఇప్పుడు చాలాచోట్ల అడగడం లేదు.

గోపాలపట్నం_రీడర్:

ఆఫర్ లెటర్ సంగతి నేను చెబుతాను. ఉదాహరణకి ఇలా ఉందనుకోండి: ట్యూషన్ మాఫీ, తొమ్మిది నెలలకి 20,000 డాలర్ల స్టైపెండ్, ఇన్సూరెన్స్‌లో సగం యూనివర్సిటీ భరిస్తుంది. వినడానికి నెలకి 2,222 డాలర్లు. ఇప్పుడు విప్పి చూడండి. ట్యూషన్ వేరు, ఫీజులు వేరు. టెక్నాలజీ ఫీజు, రిక్రియేషన్ ఫీజు, అంతర్జాతీయ విద్యార్థుల ఫీజు అంటూ ఏడాదికి 1,800 ఉందనుకుందాం, అది మాఫీలో లేదు. ఇన్సూరెన్స్‌లో మీ సగం 1,250 అనుకుందాం. ఫెడరల్ టాక్స్‌లో భారతీయ విద్యార్థులకి ఒక మేలు ఉంది: రెండు దేశాల పన్ను ఒప్పందం 21వ అధికరణం కింద స్టాండర్డ్ డిడక్షన్ వాడుకోవచ్చు, మిగతా చాలా దేశాల విద్యార్థులకి ఆ వీలు లేదు. 2025కి అది 15,750 డాలర్లు. మిగిలిన 4,250 మీద 10 శాతం, అంటే 425. ఇవన్నీ పోగా చేతికి 16,525. తొమ్మిదితో కాదు, పన్నెండుతో భాగించండి: నెలకి 1,377. ఈ అంకెని ఆ ఊళ్లో గది అద్దెతో పోల్చి చూడండి. ఆస్టిన్‌లో ఇది ఊపిరాడని డబ్బు, టస్కలూసా లాంటి కాలేజీ ఊళ్లో గదిలో తోడు ఉంటే నెట్టుకురావచ్చు.

టెక్సాస్, ఫ్లోరిడా, టెనెసీల్లో జీతం మీద రాష్ట్ర ఆదాయ పన్ను లేదు. లూజియానా, అలబామా, మిసిసిపీ, ఆర్కన్సాల్లో ఉంది. ఎఫ్-1 మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత ఉండకూడదు, మొత్తం 7.65 శాతం. పేరోల్ వాళ్లు పొరపాటున కోస్తుంటారు. మొదటి జీతం స్లిప్పులోనే చూసి చెబితే వెంటనే సరిచేస్తారు, ఏడాది తర్వాత చెబితే నెలల తరబడి తిరగాలి.

లెటర్లో ఇంకా చూడాల్సినవి: ఫండింగ్ ఎన్నేళ్లకి రాసిచ్చారు, ఏటా రెన్యువల్ దేని మీద ఆధారపడుతుంది, సెమిస్టర్‌కి ఎన్ని క్లాసులు చెప్పాలి, వేసవిలో ఏమైనా ఉందా. 20 గంటల టీఏ (టీచింగ్ అసిస్టెంట్‌షిప్) తీసుకున్నాక సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో ఇంకో పని చేయడానికి ఎఫ్-1 ఒప్పుకోదు, పరిమితి మొత్తం అయిపోయినట్టే. వేసవిలో క్యాంపస్‌లో ఫుల్ టైమ్ చేయొచ్చు. టీఏ ఓరియెంటేషన్ ఆగస్టు మధ్యలోనే ఉంటుంది, మొదటి జీతం సెప్టెంబరులో పడొచ్చు. అడ్వాన్సు, మొదటి నెల అద్దె, మంచం, వంట సామాను కలిపి 2,000 నుంచి 2,500 డాలర్లు ఇక్కడ్నుంచే పట్టుకెళ్లాలి.

తొందరపెట్టి సంతకం అడిగితే కంగారు పడొద్దు. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ ఒప్పందంలో ఉన్న యూనివర్సిటీలు ఫండింగ్ ఆఫర్ మీద ఏప్రిల్ 15కి ముందే జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. వెయిట్‌లిస్టులు కదిలేది కూడా ఆ వారంలోనే.

వీసాకి ఐ-20లో (సీటు వచ్చాక యూనివర్సిటీ ఇచ్చే పత్రం) అంకెలు పొంతన కుదరాలి. ఖర్చు 24,000 అని వేసి, అసిస్టెంట్‌షిప్ 20,000 అని ఉంటే మిగతా 4,000 ఎక్కడ్నుంచో చూపించాలి. అది పిన్నిగారో, ఇక్కడ మీరో చూపిస్తే సరిపోతుంది. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో, అమెరికాలో ఇతర బంధువులున్నారా అన్న ప్రశ్నకి ‘ఉన్నారు’ అనే రాయాలి. సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185. ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో, బయోమెట్రిక్స్ అపాయింట్‌మెంట్ వేరు. విశాఖ నుంచి వెళ్లేవాళ్లు రెండూ వరుస రోజుల్లో పడేలా స్లాట్లు చూసుకోవాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకి సోషల్ మీడియా ఖాతాలన్నీ పబ్లిక్‌లో పెట్టమంటున్నారు. కథలు వేరే పేరుతో పెట్టే ఖాతా ఉంటే దాన్నీ ఫారంలో రాయాలి.

లాసన్స్‌బే_బెంచి:

పైవాళ్లు చెప్పినవన్నీ సరైనవే, ఒక్కదానితో ఏకీభవించను. చలి లేని ఊళ్లు దక్షిణాదిలో మాత్రమే కాదు, పడమటి వైపు కూడా ఉన్నాయి. అర్వైన్‌లో కాలిఫోర్నియా యూనివర్సిటీది మూడేళ్ల ఫండెడ్ ఎంఎఫ్ఏ, టెంపీలో అరిజోనా స్టేట్‌దీ మూడేళ్లదే. హ్యూస్టన్ నుంచి విమానంలో మూడు గంటల ప్రాంతం, టస్కలూసాకి కారులో వెళ్లే టైములో సగం కూడా పట్టదు. దగ్గర అన్నదాన్ని కిలోమీటర్లలో కాకుండా గంటల్లో కొలవండి. అరిజోనాలో బూజు బెడద తక్కువ, దుమ్ము మాత్రం ఉంటుంది.

కార్నెల్‌లో కథకి నాలుగు, కవిత్వానికి నాలుగు సీట్లే, పైగా చలి. ఆస్తమా ఉన్న పిల్లని పేరు కోసం అక్కడికి పంపమని నేను చెప్పను. పేరున్న చోట పెట్టాలనుకున్నా ముందు ఆ ఏడాది సంగతి చూసుకోండి. విస్కాన్సిన్ మాడిసన్‌లో కథకి ఒక ఏడాది, కవిత్వానికి మరుసటి ఏడాది తీసుకుంటారు. అది చూడకుండా ఫారం నింపడం మొదలుపెడితే శ్రమ దండగ.

ఎంవీపీ_శ్రీను:

చెల్లితో కూర్చుని ఇవన్నీ చదివాం. ప్రస్తుతానికి ఎనిమిది అనుకున్నాం: హ్యూస్టన్, మిచెనర్, ఎల్ఎస్‌యూ, అలబామా, మిసిసిపీ, ఫ్లోరిడా, ఆర్కన్సా, అర్వైన్. అలర్జీ పరీక్ష అయ్యాకే మిచెనర్ ఉంచాలో తీయాలో చూస్తాం. దరఖాస్తు ఫీజు ఒక్కోటి 60 డాలర్లు వేసుకున్నా, డాలరు 90 చొప్పున ఎనిమిదింటికి 43,200 రూపాయలు. ఫీజు మాఫీ మనవాళ్లకి ఇస్తారా?

గోపాలపట్నం_రీడర్:

చాలాచోట్ల మాఫీ అమెరికా పౌరులకీ, గ్రీన్‌కార్డు వాళ్లకే. అయినా అడగాలి, కొన్ని డిపార్ట్‌మెంట్ల దగ్గర చిన్న నిధి ఉంటుంది. అక్టోబరులోనే అడగండి, అప్పటికి ఆ నిధి ఖాళీ అవ్వదు. మెయిల్ గ్రాడ్యుయేట్ స్కూల్‌కి కాదు, ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్‌లోని ప్రోగ్రాం కోఆర్డినేటర్‌కి పెట్టండి. నాలుగు ప్రశ్నలు ఒకే మెయిల్లో: ఈ ఏడాది కథా విభాగంలో ఎంతమందిని తీసుకుంటున్నారు, అంతర్జాతీయ విద్యార్థులకీ అదే ఫండింగా, తప్పనిసరి ఫీజులు ఏడాదికి ఎంత, దరఖాస్తు ఫీజు మాఫీ ఉందా. ఫారం సబ్మిట్ చేసి డబ్బు కట్టాక మాఫీ అడిగితే వెనక్కి ఇవ్వరు, కాబట్టి జవాబు వచ్చేదాకా పేమెంట్ పేజీ దగ్గర ఆగండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి.